ఈడేల్‌లో పుంత

గత కార్తీకంలో మాంచెస్టర్‌లోని మన తెలుగు సంఘం జరిపిన వనభోజనాలకు వచ్చినవారికి ఆ హాలు గుర్తుండే ఉంటుంది. బాడ్మింటన్ గీతలున్న చెక్క నేల, ఆ గీతల వెంబడే వరుసగా మడత బల్లలు, వేదిక పక్కన కుండీలో ఏదో గుబురు మొక్క, దాని కొమ్మలకు ఇండియన్ షాపు నుంచి తెచ్చి దారంతో వేలాడదీసిన ఉసిరికాయలు. పులిహోరకూ గుత్తివంకాయకూ నేను వంక పెట్టను. తెల్లవారుజామున లేచి అంతమందికి వండిన చేతులకు దండం పెట్టడమే న్యాయం. అయితే వడ్డన సగంలో ఉండగా మా నాన్నగారు, ఆరు నెలల వీసా మీద మా ఇంటికి వచ్చిన డెబ్బై ఒక్క ఏళ్ళ రైతు, పక్కనున్న పెద్దమనిషిని మర్యాదగా, "భోజనాలయ్యాక వనానికి తీసుకెళతారాండీ?" అని అడిగారు. బల్ల చుట్టూ ఉన్నవారు పకపకా నవ్వారు. ఆయన నవ్వించడానికి అడగలేదని నాకొక్కదానికే తెలుసు.

ఆ తరువాత జరిగిన సర్వసభ్య సమావేశంలో నేను లేచి, వచ్చే ఏడాది వనభోజనాలను మాంచెస్టర్ నుంచి రైలులో వెళ్ళగలిగిన ఏదైనా పల్లె స్టేషన్ దగ్గర, కొంత దూరం నడిచి జరుపుకుందామని ప్రతిపాదించాను. పార్కింగ్ సంగతేమిటని ఒకరు, ఇన్సూరెన్స్ సంగతేమిటని మరొకరు అడిగారు. అవి అడగవలసిన ప్రశ్నలే. కాని వెనుక వరుసలో నుంచి వినిపించిన మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది: "బురదలో నడవడం తెల్లవాళ్ళ సరదా అండీ, దానికోసమా మనం ఇంత దూరం వచ్చింది?" మళ్ళీ నవ్వులే. ప్రతిపాదన మినిట్స్‌లోకి కూడా ఎక్కలేదు.

నాన్నగారి తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు, ఏప్రిల్ మొదటి ఆదివారం, నేనే ఆయనను వెంటబెట్టుకుని బయలుదేరాను. మాంచెస్టర్ పికడిల్లీ నుంచి షెఫీల్డ్ వైపు ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతూ పోయే హోప్ వ్యాలీ లైను రైలు ముప్పావుగంటలో ఈడేల్ అనే పల్లెకు చేరుస్తుంది. చిన్లీ దాటగానే మూడు కిలోమీటర్లకు పైబడిన కౌబర్న్ సొరంగం వస్తుంది. ఆ చీకట్లో కిటికీ అద్దంలో తన ముఖమే చూసుకుంటూ కూర్చున్న నాన్నగారు, బండి అటువైపు వెలుగులోకి రాగానే ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. రెండు వైపులా కొండలు, మధ్యన పచ్చిక, పచ్చికను చెక్కలు చెక్కలుగా కోసినట్టు రాతి గోడలు. ఆరు నెలలలో ఆయన ఈ దేశంలో చూసినవి మా వీధి, గ్రంథాలయం, గుడి, మూడు సూపర్‌మార్కెట్లు. ఆ లెక్క వేసుకున్నప్పుడు నాకు సిగ్గు వేసింది.

ఈడేల్ స్టేషన్‌లో టికెట్ గేట్లు లేవు, సిబ్బంది కనిపించరు. ప్లాట్‌ఫారం దిగి రోడ్డెక్కితే ఊరు, ఊరి పైన 636 మీటర్ల కిండర్ స్కౌట్ పీఠభూమి. స్కాట్లాండ్ సరిహద్దు దాటేదాకా 268 మైళ్ళు సాగే పెన్నైన్ వే కాలిబాట మొదలయ్యేది ఈ ఊళ్ళోనే. మేము అంత సాహసానికి పోలేదు. దక్షిణపు గట్టు మీది హాలిన్స్ క్రాస్ కనుమ ఎక్కి, అవతల కాసిల్టన్‌లో దిగి, వాగు పక్క పొలాల మీదుగా హోప్ స్టేషన్ చేరడం మా పథకం. మొత్తం సుమారు పది కిలోమీటర్లు. ఒక స్టేషన్‌లో దిగి మరో స్టేషన్‌లో ఎక్కవచ్చు గనుక, కారు నిలిపిన చోటికే తిరిగి రావలసిన అగత్యం లేదు.

మొదటి రాతి గోడ దగ్గరే మా నడక ఆగిపోయింది. గోడలోంచి మూడు పలకరాళ్ళు ఇటూ, మూడు అటూ మెట్లలా పొడుచుకుని ఉన్నాయి. మనిషి ఎక్కి దిగగలడు, గొర్రె దాటలేదు. అవతల ఎవరిదో పచ్చిక బీడు, అందులో ఈనిన గొర్రెలు, వణుకుతున్న కాళ్ళ మీద నిలబడుతున్న పిల్లలు. పంచె ఎగగట్టి, మా వారి బూట్లు తొడుక్కుని ఉన్న నాన్నగారు మొదటి రాయి మీద పాదం పెట్టి, మళ్ళీ తీసేశారు. "ఎవరి చేనమ్మా ఇది? అడక్కుండా అడుగు పెడితే ఊరుకుంటారా?" అన్నారు. స్తంభానికి కొట్టిన పసుపుపచ్చ బాణం గుర్తు చూపించాను. భూమి సొంతదారుదే అయినా ఈ గీత వెంబడి నడిచే హక్కు అందరిదీ అనీ, దానిని మూసేసే అధికారం అతనికి లేదనీ, పటంలో ఇలాంటి దారులన్నీ పచ్చని గీతలుగా ఉంటాయనీ చెప్పాను. ఆయన పటాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "అంటే పుంతన్నమాట," అన్నారు.

గోదావరి జిల్లాలవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. గుంటూరు వైపు డొంక అనేదీ, తెలంగాణలో బండ్లబాట అనేదీ ఇదే: చేల మధ్యన ఊరందరిదీ అయిన దారి. నా చిన్నతనంలో సెలవులకు నిడదవోలు–నరసాపురం లైనులో అత్తిలి దగ్గర ప్యాసింజరు దిగి, కొంత కాలవగట్టు మీద, కొంత పుంతలో నడిచి అమ్మమ్మగారి ఊరు చేరేవాళ్ళం. సంచి నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతపట్టుకుని, మోకాళ్ళ దాకా బురద అంటించుకుని వెళ్ళిన ఆ నడకను మాలో ఎవరూ సరదా అనలేదు, వ్యాయామమని అంతకన్నా అనలేదు. రైలు దిగితే నడవడమే మిగిలినది. ఇప్పుడా పుంత ఎలా ఉందని అడిగితే నాన్నగారు గొర్రెల వైపు చూస్తూ, "ఏముందీ, అటోడు ఒక చాలు, ఇటోడు ఒక చాలు కలిపేసుకున్నారు. మీ తాతయ్యా తక్కువ తినలేదులే," అన్నారు. మన పల్లెలను తలచుకుని కన్నీళ్ళు పెట్టుకునే నాలాంటివారు ఆ చాళ్ళ సంగతి సాధారణంగా రాయము.

కనుమ మీదికి ఎక్కేటప్పుడు ఆయన నాలుగు సార్లు ఆగారు, నేను ఏడు సార్లు. పైన గాలికి మాట వినపడలేదు. ఒకవైపు మామ్ టార్ శిఖరం, ఇంకొకవైపు సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం. ఈ గొట్టాన్ని ఫొటోలలో ఎవరూ చూపించరు గాని, నాన్నగారికి ఆ లోయలో బాగా నచ్చినది అదే. ఎంతమందికి పని దొరుకుతుందని రెండు సార్లు అడిగారు. మేమెక్కిన దారి కూడా సరదాకు పుట్టినది కాదు. ఈడేల్‌కు సొంత చర్చి లేని కాలంలో శవపేటికలను ఈ కనుమ మీదుగానే కాసిల్టన్‌కు మోసుకుపోయేవారు. ఈడేల్ నూలు మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు కాసిల్టన్ నుంచి ఈ కొండ దాటి పనికి వచ్చేవారు.

ఇక "తెల్లవాళ్ళ సరదా" అన్న పెద్దమనిషికి మరొక్క సంగతి విన్నవించుకోవాలి. కిండర్ స్కౌట్ మీద ఒకప్పుడు జనం నడవడానికి లేదు. అది వేట పక్షుల కోసం భూస్వాములు కాపలా పెట్టుకున్న నేల. 1932 ఏప్రిల్ 24, ఆదివారం నాడు కొన్ని వందల మంది, ఎక్కువగా మిల్లులలో, వర్క్‌షాపులలో పనిచేసే యువకులు, హేఫీల్డ్ అనే ఊరి నుంచి కట్టగట్టుకుని ఆ కొండ ఎక్కారు. షెఫీల్డ్ వైపువారు ఇదే ఈడేల్ నుంచి ఎక్కారు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. వారిని నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. రుమేనియా నుంచి మాంచెస్టర్‌కు వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టిన మెకానిక్ అతను. వలస వచ్చినవారి పిల్లవాడు జైలుకు పోయి అడిగిన దారిలో నడవడం మనకు తగని పని ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనంగా ఈ కొండలూ లోయలూ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ ప్రాంతాన్నే 1951లో ప్రకటించారు.

ఎదుటివారి మాటలోనూ న్యాయముంది, దానిని దాచను. కార్తీకం ఇక్కడ అక్టోబరు, నవంబరు నెలలలో పడుతుంది. నవంబరు చివరికి సాయంత్రం నాలుగింటికే చీకటి. ఉసిరి చెట్టు ఈ నేలలో బతకదు. ఆ కొండల మీది పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కల పొరలతో ఏర్పడిన నేల, ఎండిందంటే నిప్పురవ్వకే అంటుకుంటుంది గనుక కొండ మీద దీపం పెట్టే ఆలోచనే కూడదు. తోపుడుబండిలో పసిపిల్ల ఉన్న తల్లికి ఆ రాతి మెట్లు ఆటంకమే. ఒక రైలు తప్పితే మరొకదానికి గంటసేపు ఎదురుచూడవలసి రావచ్చు. వంద మందిమి ఒకేసారి ఎక్కితే ఆ చిన్న బండిలో మిగతా ప్రయాణికులకు చోటుండదు. విస్తరాకుల బదులు మనం ఒక్కసారికి వాడే ప్లేట్లను ఎక్కడ పడితే అక్కడ వదిలే అలవాటు మనలో ఉన్నదనీ, గొర్రెల బీటిలో అది చెల్లదనీ కూడా ఒప్పుకుంటాను.

అయినా హాలుకు రానివారిని ఒకసారి లెక్కపెట్టండి. మోటర్‌వే పక్కనున్న ఆ హాలుకు బస్సు లేదు. అందుకే ఎం.ఎస్. చదువుకు వచ్చిన పిల్లలలో ఎవరైనా లిఫ్ట్ ఇచ్చినవారే వచ్చారు. సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కొడుకో కోడలో తీసుకువస్తే వచ్చారు, లేకపోతే ఇంట్లోనే ఉన్నారు. పార్కింగ్ గురించి అంతసేపు చర్చించుకున్న మనం, కారే లేనివారి గురించి ఒక్క నిమిషం మాట్లాడలేదు.

నేను కొండ ఎక్కమనడం లేదు. ఈడేల్ లోయలోనే, కనుమ జోలికి పోకుండా, అప్పర్ బూత్, బార్బర్ బూత్ అనే పల్లెల మీదుగా రెండు మూడు గంటలలో తిరిగి స్టేషన్ చేరే దారి ఉంది. బూత్ అంటే పూర్వం పశువుల కాపరులు వేసుకున్న పాక. నాన్నగారి భాషలో మకాం. ఇరవై మంది చొప్పున రెండు మూడు జట్లుగా, వేరువేరు రైళ్ళలో, ఉదయమే వెళదాం. పులిహోర, దద్దోజనం స్టీలు డబ్బాలలో తీసుకువెళ్ళి, ఖాళీ డబ్బాలతోనే తిరిగి వద్దాం. నడవలేనివారు స్టేషన్ నుంచి నెమ్మదిగా ఊళ్ళోకి చేరి, టీ తాగుతూ మన కోసం కూర్చోవచ్చు. ఈ ఒక్క ఏడాదికి ఇలా చేసి చూడమనీ, నచ్చకపోతే మళ్ళీ బాడ్మింటన్ గీతల మీదికే వెళదామనీ కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. హాలుకు అడ్వాన్సు ఇంకా కట్టలేదని కోశాధికారి గారు మొన్ననే చెప్పారు.