ఆ గుమస్తా ఏ జోకు వేశాడని?

సోనీ సినిమా స్టూడియో మీద జరిగిన హ్యాకింగ్ గురించి వచ్చిన వ్యాసమంతా, ‘ది ఇంటర్వ్యూ’ అనే తన కామెడీ సినిమాని ఆ సంస్థ ఆపడం తప్పా ఒప్పా అన్నదాని మీదే నడిచింది. సినిమా నేనూ చూశాను, సగం జోకులు పేలలేదు. అయినా ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్‌ని చంపే కథ కాబట్టి తీయకూడదంటే ఒప్పుకోను. 2014 డిసెంబర్‌లో హ్యాకర్ల బెదిరింపులకు జడిసి సోనీ విడుదల ఆపితే, అది పొరపాటని ఒబామానే అన్నారు. క్రిస్మస్‌కి చిన్న థియేటర్లలో వేస్తే జనం పంతం కొద్దీ వెళ్లారు. సరే, బాగుంది.

కానీ హ్యాకర్లు బయటపెట్టింది, మనమంతా నవ్వుకుంటూ చదివిన స్టూడియో పెద్దల ఈమెయిళ్లు మాత్రమే కాదు. వేలమంది గుమస్తాల్లాంటి మామూలు ఉద్యోగుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (అమెరికాలో మన ఆధార్ లాంటివి), జీతాలు, కొందరి జబ్బుల వివరాలు కూడా. ఎప్పుడో మానేసిన వాళ్లవీ ఉన్నాయి! ఆ ఉద్యోగులే సోనీ మీద కోర్టుకెళ్లాల్సి వచ్చింది. దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా లేదేం?