చేను అద్దంలా ఉండాల్సిన పనిలేదు

పగటిపూట చేలో తడిగా ఉన్న మట్టిగడ్డ ఒకటి తిప్పి చూడండి, నల్లగా నిగనిగలాడుతూ పొడుగు కాళ్లతో చటుక్కున పరిగెత్తే పురుగు కనిపించొచ్చు. అదే నేల పెంకు పురుగు. ప్రపంచం మొత్తమ్మీద వీటిలో దాదాపు 40,000 జాతులున్నాయి. రాత్రయితే బయటికొచ్చి పేనుబంకనీ, నత్తల్నీ, లద్దె పురుగుల్నీ పట్టుకు తింటాయి. హార్పాలస్, అమారా లాంటి రకాలైతే కలుపు గింజల్ని కూడా వదలవు, గింజని దవడల మధ్య పట్టి పైపొట్టు పగలగొట్టి లోపలి పప్పు తినేస్తాయి, అంటే వచ్చే ఏడు మొలవాల్సిన కలుపు ఆ రాత్రే అయిపోయినట్టు.

మరి చేలో గడ్డిపోచ కూడా మిగలకుండా మందు కొట్టేస్తే అవి ఏం తిని బతకాలి?

బ్రిటన్‌లో జరిగిన పెద్ద పొలం ట్రయల్స్ రిజల్ట్స్ 2003లో వచ్చాయి. కలుపుమందుని తట్టుకునే జన్యుమార్పిడి బీట్ దుంప, రేప్‌సీడ్ (ఆవాల జాతి నూనెగింజ పంట) వేసిన చోట కలుపు తగ్గింది, గింజలు తినే ఈ పురుగులూ తగ్గాయి. మొక్కజొన్నలో మాత్రం రివర్స్, మామూలు పంటకి కొట్టే మందే ఘాటైనది కాబట్టి జన్యుమార్పిడి పంటలోనే కలుపు ఎక్కువ మిగిలింది, పురుగులూ అక్కడే ఎక్కువ దొరికాయి. గొడవంతా జన్యువుల గురించి నడిచింది గానీ తేడా తెచ్చింది కలుపుమందు, మేం ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

కలుపు తిండి ఒక్కటే కాదు, నీడ కూడా, కింద చెమ్మ ఆరదు, చిన్న పురుగులు చేరతాయి. అలాగని అన్ని జాతులకీ గుబురే నచ్చదు, ఖాళీ నేలని ఇష్టపడేవీ ఉన్నాయి. లెక్క కూడా జాగ్రత్తగా చూడాలి, నేలలో కప్పు పాతి అందులో పడినవాటినే లెక్కపెడతారు కదా, గడ్డి అడ్డమొస్తే పురుగు నెమ్మదిగా తిరుగుతుంది, కప్పులో తక్కువ పడుతుంది, అంతమాత్రాన చేలో లేవని కాదు.

కలుపు దిగుబడిని తినేస్తుందన్నది నిజం, పంట చిన్నగా ఉన్న తొలి వారాల్లో తీయాల్సిందే, అందులో రైతుని తప్పుపట్టం. కానీ పంట ఏపుగా ఎదిగాక కింద మిగిలిన నాలుగు మొక్కల కోసం, గట్టు మీద గడ్డి కోసం మళ్లీ డబ్బా ఎత్తడం దేనికి? ఇంగ్లండ్‌లో 1980ల చివర్లో పొలం మధ్యలోనే మట్టి కట్ట పోసి గడ్డి దుబ్బులు పెంచి చూశారు, చలికాలమంతా పురుగులు అందులో దాక్కుని వసంతంలో పంటలోకి దిగాయి. ఏ మందుకి ఏ మొక్క చస్తుందో చెప్పే సలహాదారులు, ఆ మొక్క గింజ తిని బతికే పురుగు సంగతి కూడా రైతుకి చెప్పాలని మా డిమాండ్.