మాటలు రాని టీవీ

డాలస్‌లో ఉండే మా బావ థాంక్స్‌గివింగ్ సేల్‌లో హోమ్ థియేటర్ కొన్నాడు. ఐదు స్పీకర్లు, ఓ సబ్‌వూఫర్. వాటి దమ్మెంతో ఇండియా నుంచి వచ్చిన అత్తగారికి చూపించాలి కదా, అందుకని హారర్ సీరియల్ పెట్టాడు. స్టీఫెన్ కింగ్ కథలతో 2006లో టీఎన్‌టీ ఛానెల్లో వచ్చిన 'నైట్‌మేర్స్ అండ్ డ్రీమ్‌స్కేప్స్'. ఆ పేరున్న కథల పుస్తకం వేరే ఉంది. మొదటి ఎపిసోడ్ 'బ్యాటిల్‌గ్రౌండ్' మాత్రం 1978 నాటి 'నైట్ షిఫ్ట్' అనే ఇంకో కథల పుస్తకంలోది. టీవీవాళ్లకి ఇలాంటి పట్టింపులుండవు.

అందులో నటుడు విలియం హర్ట్ కిరాయి హంతకుడు. బొమ్మల కంపెనీ యజమానిని చంపి ఇంటికొస్తాడు. వెనకాలే ఒక పార్శిల్. విప్పితే బొమ్మ సైనికులు, అదీ ప్రాణంతో!

ఎంతసేపటికీ ఎవరూ నోరు విప్పరే! అడుగుల చప్పుడు వినిపిస్తోంది, మ్యూజిక్ అదిరిపోతోంది.

"మాటలు రావట్లేదేంటి అల్లుడుగారూ?" అంది అమ్మ.

బావ మొహం మాడిపోయింది. "సెంటర్ స్పీకర్ పోయినట్టుంది అత్తయ్యగారూ. డైలాగులు దాన్లోంచే రావాలి."

ఫోన్ టార్చి పళ్ల మధ్య పెట్టుకుని టీవీ స్టాండు వెనక్కి దూరాడు. అక్కణ్ణుంచే కేకలు.

"ఇప్పుడొస్తున్నాయా?"

"తుపాకులొచ్చాయి నాయనా, మాటలు రాలేదు."

"ఇప్పుడో?"

"హెలికాప్టరొచ్చింది."

ఎర్ర వైరు పీకి నల్ల వైరు దగ్గర, నల్లది పీకి ఎర్రదాని దగ్గర పెట్టాడు. తెరమీద హంతకుడి ఇల్లు, తెర వెనక అక్క ఇల్లు, రెండూ ఒకేసారి యుద్ధభూములయ్యాయి. చివరికి ఫోన్లో వెతికిన అక్క తాపీగా చెప్పింది: "ఈ ఎపిసోడ్‌కి అసలు డైలాగులే లేవటండీ."

బావ తలనిండా దుమ్ముతో బయటికొచ్చాడు. అప్పటికి రెండో ఎపిసోడ్ 'క్రౌచ్ ఎండ్' మొదలైంది. హనీమూన్‌కి లండన్ వచ్చిన కొత్త జంట, ఏదో వింత పేటలో దారి తప్పడం. కారు చప్పుడు బ్రహ్మాండంగా వినిపిస్తోంది. జంట పెదాలు గబగబా కదులుతున్నాయి. మాట మాత్రం లేదు. ఎర్ర వైరు ఇంకా బావ చేతిలోనే ఉంది.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ," అంటూ మళ్లీ టీవీ వెనక్కి పాకాడు.

"ఎందుకులే నాయనా, అలవాటైపోయింది," అంది అమ్మ సోఫాలో సర్దుకుంటూ. "కథ తెలుస్తూనే ఉందిగా. ఆ పిల్లకి మొగుడితో పడట్లేదు."