స్టాండ్‌బై లైనుకి ఏ బాడీ?

(విశాఖ దగ్గర, సముద్రం ఒడ్డున ఒక ఫ్యాక్టరీ. కూలింగ్‌కి సముద్రపు నీళ్లే. స్టాండ్‌బై పంపు దగ్గర 10 అంగుళాల బటర్‌ఫ్లై వాల్వ్, అంటే లోపల గుండ్రటి డిస్క్ తిరిగి నీళ్లు ఆపేది, మార్చాలి. పాతది విప్పి బల్ల మీద పెట్టారు.)

పర్చేజ్ కుర్రాడు: ఇందులో వాదనేముంది బాబాయ్? మళ్లీ స్టెయిన్‌లెస్ స్టీలు, ఎస్‌ఎస్ 316 బాడీయే పెడదాం. మీరేమో రబ్బరు లైనింగ్ ఉన్న డక్టైల్ ఐరన్ అని రాశారు. ఉప్పునీటికి ఇనుమా? ఆడిట్‌లో నన్ను చూసి నవ్వుతారు.

ఫోర్‌మన్: ఇలా రా. పైపుకి బిగించే ఈ ఫ్లాంజ్ మీద గాస్కెట్ కూర్చునే చోట చూడు. సూదిమొనంత చుక్క. ఈ తీగ దూర్చు. ఎంత లోపలికి పోయిందో చూశావా? పైకి మాత్రం అద్దంలా మెరుస్తోంది. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది దాని మీదుండే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. అది చెదిరితే మళ్లీ కట్టుకోవడానికి ఆక్సిజన్ కావాలి. గాస్కెట్ సందులో ఇరుక్కున్న నీళ్లలో ఆక్సిజన్ ఎక్కడిది? పైగా సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 19 గ్రాముల క్లోరైడ్. పంపు నడుస్తున్నంతసేపూ 316 కాస్త ఓర్చుకుంటుంది. ఇది స్టాండ్‌బై, వారాల తరబడి నీళ్లు కదలవు.

పర్చేజ్: అసలది 316 యేనా? 304 రకం పోత సీఎఫ్8 పోసి, పైన 316 పోతకి వాడే సీఎఫ్8ఎం అని కొట్టి ఉండొచ్చు.

ఫోర్‌మన్: అందుకే మొన్నటి లాటు వెనక్కి పంపా. మాగ్నెట్ అంటుకుంది.

పర్చేజ్: అక్కడే పప్పులో కాలేశారు. 316 రేకుకి మాగ్నెట్ అంటదు, నిజమే. పోతపోసిన బాడీకి కాస్త అంటుతుంది. గట్టిపడేటప్పుడు పగుళ్లు రాకుండా అందులో కొంత ఫెర్రైట్, అంటే మాగ్నెట్‌కి అంటుకునే భాగం, ఉంచుతారు. తేడా మాలిబ్డినంలో ఉంది, సీఎఫ్8ఎంలో 2 నుంచి 3 శాతం. అది మీ మాగ్నెట్‌కేం తెలుసు? లోహంలో ఏమేం ఉన్నాయో చెప్పే పీఎంఐ గన్ పెట్టాలి. మంచి సరుకు తిప్పి పంపి, సప్లయరు చేత నన్ను తిట్టించారు.

ఫోర్‌మన్: ముప్పై ఏళ్లుగా మాగ్నెట్‌తోనే... (ఆయన మొహం చూడాల్సింది.) సరే, అది వదిలెయ్.

పర్చేజ్: వదిలేస్తా. మరి మీ రబ్బరు? పోయిన వేసవిలో గుల్ల ఇరుక్కుని లైనర్ కోసుకుపోయింది. బాడీ బయట తుప్పు కారేదాకా ఎవరికీ తెలియలేదు.

ఫోర్‌మన్: తప్పు మాదే. స్ట్రెయినర్ జాలీ చిరిగితే మూడు వారాలు పట్టించుకోలేదు. కానీ లైనర్ అయితే విప్పి మార్చుకోవచ్చు. బాడీకే చిల్లు పడితే?

పర్చేజ్: అల్యూమినియం బ్రాంజ్?

ఫోర్‌మన్: భేషైన సరుకు. ఓడల ప్రొపెల్లర్లు పోసేది నికెల్ కలిపిన ఆ రకంతోనే. కానీ నిలిచిన నీళ్లు మురిగి కుళ్లిన గుడ్డు వాసన కొట్టాయంటే దానికి పడదు. మన లైను వాసన నీకు తెలుసుగా.

పర్చేజ్: సరే, బాడీని రబ్బరు కాపాడుతుంది. డిస్క్? అది నీళ్లలోనే ఉంటుంది. ఇండెంట్‌లో డిస్క్ 316 అని రాసింది మీరే.

ఫోర్‌మన్: (కాగితం తిప్పి చూసి) పెన్నివ్వు. డ్యూప్లెక్స్ అని రాస్తా, ఉప్పునీటికి 316 కంటే ఓర్చే స్టెయిన్‌లెస్ అది.

పర్చేజ్: రేటు ఎక్కువే. రెండు కొటేషన్లు తెప్పిస్తా. సరుకు వచ్చిన రోజు మాత్రం మాగ్నెట్ ఇంట్లో పెట్టి రండి బాబాయ్.