అక్షరానికి దూడ తోలు, బంగారానికి కుక్క పన్ను

మధ్యయుగపు యూరప్ మఠాల్లో సన్యాసులు రాసినట్టు ఈక కలంతో, రాతకు సిద్ధం చేసిన దూడ తోలు మీద, బంగారు పూతలతో రాయడం నేర్చుకోవాలన్న ఉబలాటం ఈమధ్య చదువుకున్నవాళ్లకు పట్టుకుంది. వారాంతపు వర్క్‌షాపులు, ఆన్‌లైన్ క్లాసులు, కిట్లు అన్నీ దొరుకుతున్నాయి. గిట్టనివాళ్లు దీన్ని పనిలేని పని అంటున్నారు. ఆ మాటను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇంత పని ఉన్న పని నా ఎరుకలో మరొకటి లేదు.

సిరా సంగతే చూడండి. ఓక్ చెట్టు మీద ఒక చిన్న కందిరీగ గుడ్డు పెడుతుంది. ఆ చోట చెట్టు ఉబ్బి గోళీకాయంత బుడిపె కడుతుంది. అదే మాచికాయ, మన మూలికల కొట్లలోనూ దొరుకుతుంది. దాన్ని దంచి, నీళ్లలోనో ద్రాక్షసారాలోనో నానబెట్టి, వడగట్టి, అన్నభేది కలిపి, తుమ్మజిగురు చేర్చాలి. ఈ సిరా రాస్తున్నప్పుడు వెలిసిపోయినట్టుండి, గాలి తగిలాక నల్లబడుతుంది. అంటే ఏం రాశామో రాసిన తర్వాత గానీ పూర్తిగా తెలియదు. రాజీనామా లేఖలకు ఇంతకన్నా అనువైనది లేదు. అన్నభేది పాలు మించితే మాత్రం కొన్నేళ్లకు ఆ సిరాయే పేజీని తినేస్తుంది, అక్షరం ఉన్నచోట అక్షరం ఆకారంలో కన్నం మిగులుతుంది.

కలానికి పెద్దబాతు రెక్క ఈక కావాలి. కుడిచేత్తో రాసేవాళ్లకు ఎడమ రెక్కది వాటంగా ఉంటుంది, దాని వంపు కంటికి అడ్డం రాదు. వేడి ఇసుకలో పెట్టి గట్టిపరిచి, చాకుతో చెక్కి, మొనకు చీలిక పెట్టాలి. కాడకు రెండు పక్కలా ఉండే మెత్తని ఈకలను ఆనాటి పనివాడు చాలావరకు పీకేసేవాడు, రాసేటప్పుడు అడ్డం గనుక. నేటి విద్యార్థి వాటిని భద్రంగా ఉంచుకుంటాడు, ఫోటోలో పడాలి గనుక.

ఇక రాత. ఆనాటి యూరప్ గ్రంథాల్లో కనిపించే గోథిక్ లిపికి నిలువు గీతే ప్రాణం. ‘మినిమమ్’ అన్న లాటిన్ మాటను ఆ లిపిలో రాస్తే వరసగా 15 నిలువు గీతలు వస్తాయి, అన్నీ అచ్చు ఒకేలా. ఎక్కడ ‘ఎమ్’ అయిపోయి ‘ఐ’ మొదలైందో దేవుడికే తెలియాలి. ఈ బాధ పడలేకే ‘ఐ’ నెత్తిన చిన్న గీత పెట్టడం మొదలుపెట్టారు, అదే తర్వాత చుక్కయింది. విద్యార్థి పేజీల కొద్దీ ఈ గీతలే గీయాలి. ఎల్‌కేజీ పిల్లాడి చేత ఇంతసేపు గీతలు గీయిస్తే తల్లిదండ్రులు స్కూలు మీదికి వెళ్తారు. అదే పని నలభై ఏళ్లవాడు ఫీజు కట్టి చేస్తే మైండ్‌ఫుల్‌నెస్.

ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోసినవాడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్. ఎడిన్‌బరోలో మెడిసిన్ మధ్యలో వదిలేసి లండన్ వచ్చి, బ్రిటిష్ మ్యూజియంలో పాత రాతప్రతుల ముందు కూర్చున్నాడు. 1899 నుంచి పాఠాలు చెప్పాడు. మెడిసిన్ సీటు వదులుకుని అక్షరాలు దిద్దుకుంటానన్న కొడుకును మన ఇళ్లలో ఏమంటారో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఇవాళ లండన్ భూగర్భ రైళ్ల బోర్డుల మీది అక్షరాలకు మూలం ఆయన 1916లో గీసిన నమూనాయే. డాక్టరయ్యుంటే ఆయన రాతను మందుల షాపువాడు తప్ప ఇంకెవరూ చదవగలిగేవారు కాదు.

బంగారం దగ్గరే అసలు పరీక్ష. రంగులకన్నా ముందే దాన్ని వేయాలి, లేకపోతే రంగున్న చోటల్లా అంటుకుంటుంది. సుద్ద, సఫేదా, చేప జిగురు, కాస్త పంచదార కలిపిన ముద్దతో అక్షరాన్ని ఉబ్బెత్తుగా నింపి ఆరనిస్తారు. (సఫేదాలో ఉండేది సీసం, విషం. బుద్ధున్నవాళ్లు ఇప్పుడు వేరేది వాడతారు.) తర్వాత చిన్న గొట్టంలోంచి దాని మీద వెచ్చటి ఊపిరి వదిలితే ఆ తేమకు ముద్ద జిగటెక్కుతుంది, వెంటనే బంగారు రేకు పరచాలి. ఫ్యాన్ వేయకూడదు, తుమ్మకూడదు. గాల్లో తేమ ఉంటే పని సులువట, కాబట్టి మన కోస్తా ఉక్కపోతకు చరిత్రలో మొదటిసారి ఒక ప్రయోజనం కనిపిస్తోంది. చివర మెరుగు పెట్టాలి. దీనికి కుక్క, సింహం, తోడేలు, ఏదైనా సరే మాంసం తినే జంతువు పన్ను పనికొస్తుందని సుమారు 1400లో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రాసిపెట్టాడు. సింహం పన్ను ఎలా తెచ్చుకోవాలో మాత్రం రాయలేదు. ఇప్పుడు కుక్క పన్ను ఆకారంలో చెక్కిన అగేటు రాయి అమ్ముతున్నారు, కుక్కలు ఊపిరి పీల్చుకున్నాయి.

ఇంతకీ ఈ పనిలో మనశ్శాంతి ఉందని ఆనాటి లేఖకులకు ఎవరూ చెప్పినట్టు లేదు. రాసేది మూడు వేళ్లే, హూనమయ్యేది ఒళ్లంతా అని వాళ్లు గ్రంథాల చివర వాపోయారు. మన దేశపు లేఖకులూ తక్కువ తినలేదు. నడుం విరిగి, మెడ పట్టేసి, చూపు నిలబడిపోయి, తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా దాచుకోండి అని ఒక శ్లోకాన్నే తాళపత్రాల చివర తగిలించేవాళ్లు. సుమారు 1420లో నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో ఒక లేఖకుడు తెరిచిపెట్టిన పుస్తకం మీద రాత్రికి రాత్రి పిల్లి ఉచ్చ పోసింది. తెల్లారి అతను ఆ మేర ఖాళీ వదిలి, పిల్లి బొమ్మ గీసి, దాన్ని లాటిన్‌లో శపించి, రాత్రిళ్లు పుస్తకాలు తెరిచి ఉంచకండని హెచ్చరించి పని కొనసాగించాడు. జర్మనీలో దాదాపు వెయ్యేళ్ల కిందటి ఒక సన్యాసిని పళ్ల గారలో లాజవర్దం నీలిరంగు రేణువులు దొరికాయని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అఫ్గానిస్తాన్ కొండల నుంచి వచ్చిన ఆ రంగు, కుంచె మొనను నోటితో సన్నబరచుకోవడం వల్ల అక్కడ చేరి ఉండొచ్చట. ఆమె దగ్గర సర్టిఫికెట్ లేదు, పళ్లలో నీలం ఉంది.

మన వర్క్‌షాపు విద్యార్థులు సాధారణంగా ఒకే ఒక్క పెద్ద అక్షరం వేస్తారు. లతలు, పక్షులు, బంగారం, నత్తతో యుద్ధం చేసే వీరుడు, అన్నీ ఉంటాయి. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు. దాని పక్కన రావలసిన రెండో అక్షరం కోసం ఎవరూ అడగరు. సన్యాసులు రాసిన పాత సువార్తల ప్రతి, డబ్లిన్‌లోని కెల్స్ గ్రంథంలోనూ ఒక పేజీని దాదాపుగా మూడే అక్షరాలు ఆక్రమించాయి నిజమే, కానీ ఆ సన్యాసులు మరో మూడొందల పైచిలుకు ఆకులు కూడా రాశారు.

పనికన్నా ప్రదర్శన మిన్న అన్న సంగతి పాతవాళ్లకు తెలియదనుకోకండి. అచ్చుయంత్రం వచ్చిందని చేతిరాత మానకూడదంటూ 1492లో జర్మనీలోని స్పాన్‌హైమ్ మఠాధిపతి ట్రిథేమియస్ ఒక పుస్తకమే రాశాడు. తోలు మీది రాత వెయ్యేళ్లుంటుంది, అచ్చు కాగితం 200 ఏళ్లు నిలిస్తే గొప్ప అని వాదించాడు. 1494లో ఆ పుస్తకాన్ని అచ్చు వేయించాడు. మన రీల్స్‌కు మూలపురుషుడు ఆయనే.

బ్రిటన్ పార్లమెంటు ఇంకో అడుగు ముందుకేసింది. శతాబ్దాలుగా చట్టాలను తోలు మీదే భద్రపరుస్తూ వచ్చారు. 2016లో ఖర్చు దండగని ఒక సభ, సంప్రదాయం పోతుందని మరో సభ పట్టుబట్టాయి. చివరికి 2017 నుంచి రాజీ కుదిరింది: అట్టలు తోలువి, లోపలి చట్టం కాగితం మీద. పైన పటారం లోన లొటారం అన్నది ఒక దేశపు అధికారిక విధానమైంది. మన వర్క్‌షాపుల నిర్వాహకులు కూడా ఈ పద్ధతిని వెంటనే అమలు చేయాలని కోరుతున్నాను. సర్టిఫికెట్‌కు తోలు అంచు వేయండి, మొదటి అక్షరం అసలు బంగారంతో పెట్టండి. పేరు విద్యార్థే బాల్‌పెన్నుతో నింపుకుంటాడు.