పేరు ఇద్దరిది, పాట ఏడుగురిది

1954 డిసెంబర్ 16, 18 తేదీల్లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన తొమ్మిది పాటల జాజ్ ఆల్బమ్ అది. మొదట అట్ట మీద గాయని పేరు ఒక్కటే ఉండేది: సారా వాన్. తర్వాతి విడుదలల్లో ‘సారా వాన్ విత్ క్లిఫర్డ్ బ్రౌన్’ అయింది. అందులో ట్రంపెట్ వాయించిన క్లిఫర్డ్ అప్పటికి 24 ఏళ్ల కుర్రాడు. 1956 జూన్‌లో కారు ప్రమాదంలో పోయాడు. అతని పేరు అట్ట మీదికి ఎక్కడం న్యాయమే. కానీ ఆ న్యాయం సగమే జరిగిందని నా బాధ.

మిగతావాళ్లు ఎవరో చూడండి. టెనర్ శాక్సొఫోన్ పాల్ క్వినిషెట్, ఫ్లూట్ హెర్బీ మాన్, పియానో జిమ్మీ జోన్స్, బేస్ జో బెంజమిన్, డ్రమ్స్ రాయ్ హేన్స్. ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసే వాద్య రచన ఎర్నీ విల్కిన్స్‌ది. ఒక్కొక్కరూ సొంతంగా ఆల్బమ్ నడిపించగల సరుకున్నవాళ్లు. ఇలాంటివాళ్లను ఒకచోట కూర్చోబెడితే రెండు ప్రమాదాలు. ఒకటి, ఎవరికి వారు తమ పనితనం చూపించుకుని గాయనిని వెనక్కి నెట్టేయడం. రెండోది, భయభక్తులతో చప్పగా వాయించడం. ఈ రికార్డులో రెండూ జరగలేదు. ఎందుకు జరగలేదన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న.

ఇందులోని ‘లల్లబై ఆఫ్ బర్డ్‌లాండ్’ పాట వినండి. మధ్యలో సారా మాటలు పక్కనపెట్టి ఉత్త శబ్దాలతో పాడుతుంది. దీన్ని జాజ్‌లో స్కాట్ అంటారు. ఆమె ఒక ముక్క పాడుతుంది, ఒక వాద్యం జవాబు చెబుతుంది. మళ్లీ ఆమె, మళ్లీ ఇంకో వాద్యం. మన కచేరీలో స్వరకల్పన దగ్గర గాయనికీ వయొలిన్‌కీ మధ్య జరిగే మాటామంతీ గుర్తొస్తుంది. ఇక్కడ అది ఒక్క వయొలిన్‌తో ఆగదు, చేతులు మారుతూ పోతుంది. ప్రతి ఒక్కరికీ దొరికేది కొద్ది క్షణాలే. ఆ కాస్త చోటులోనే ఎవరి గొంతు వాళ్లది. సారా కూడా ఆ వరసలో ఒక వాద్యంలాగే నిలబడుతుంది.

దీనికి కారణం ఆమె పెరిగిన తీరులో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో పుట్టిన సారా చిన్నప్పుడే పియానో నేర్చుకుంది, చర్చిలో వాయించింది. 1943లో ఎర్ల్ హైన్స్ బ్యాండ్‌లో చేరినప్పుడు పాడడంతో పాటు రెండో పియానో కూడా ఆమెదే. అంటే పాట కింద ఏ స్వరాలు నడుస్తున్నాయో ఆమెకు చేతివేళ్ల దగ్గరి నుంచి తెలుసు. అలాంటి గాయని పక్కన వాయించేవాళ్లకు టెన్షన్ ఉండదు. ఎటు తిప్పినా ఆమె వచ్చేస్తుందని వాళ్లకు ధీమా.

కంపెనీ లెక్క కూడా కలిసొచ్చింది. ఆ రోజుల్లో మెర్క్యురీ అనే రికార్డుల కంపెనీ ఆమెతో మామూలు శ్రోతల కోసం పెద్ద ఆర్కెస్ట్రాతో పాప్ పాటలు పాడించేది. జాజ్ మాత్రం ఎమార్సీ అనే అనుబంధ లేబుల్‌కి. అమ్మకాల బరువు అటు మోశారు కాబట్టే ఇటు కాస్త ఊపిరి దొరికింది. అదే లేబుల్, అదే డిసెంబర్‌లో మరో గాయని హెలెన్ మెరిల్ ఆల్బమ్‌కీ క్లిఫర్డ్‌నే పిలిచింది.

ఇప్పుడు యాప్‌లో ఈ ఆల్బమ్ తెరిస్తే కనిపించేవి ఆ రెండు పేర్లే. మిగతావాళ్ల కోసం వెతుక్కోవాలి. మన సినిమా పాటల్లో ఫ్లూట్ ఎవరు ఊదారో, వీణ ఎవరు మీటారో తెలియకుండానే తరాలు విన్నాం. ఆ అలవాటు ఇకనైనా పోవాలి. వాయించిన వేళ్లకు పేరు ఉండాలి.

ఇదే ఆల్బమ్‌లోని ‘ఎంబ్రేసబుల్ యూ’ పాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ట్రంపెట్, శాక్సొఫోన్, ఫ్లూట్ మూడూ తప్పుకుంటాయి. మిగిలేది జిమ్మీ, జో, రాయ్. ఊరూరా ఆమె వెంట తిరిగి వాయించిన జట్టు అది. సారా ఒక మాటను సాగదీసి, కిందికి దించి, ఇక అయిపోయిందనుకున్న చోట మళ్లీ పైకి లేపుతుంది. అంతసేపూ జిమ్మీ పియానో తొందరపడదు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు రెండు మూడు స్వరాలు వేసి, ఆమె నోరు తెరిచేలోగా తప్పుకుంటాడు.