హాజరు పట్టీలో కనిపించనివి

బాల కార్మికులను బడి బాట పట్టించిన శాంతా సిన్హా గారిపై మీరు రాసిన వ్యాసంలో 2003 నాటి మెగసెసే అవార్డు గురించి, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు కావడం గురించి బాగానే చెప్పారు. అసలు విషయాన్ని మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేశారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్నది ఆమె నడిపించిన స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ పట్టుబట్టిన మాట. పగలు పని, రాత్రి బడి అనే రాజీకి వారు ఒప్పుకోలేదు. బడి మానేసిన పిల్లలను ముందు శిబిరాల్లో ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు.

కోనసీమలో రాజోలు వైపు పాతికేళ్లు పంతులుగా పనిచేశాను. మొదట్లో నేనూ రాత్రి బడి చాలనుకున్నవాడినే. రొయ్యలు వలిచే షెడ్డు నుంచి తిన్నగా తరగతికి వచ్చిన ఒక ఐదో తరగతి పిల్ల వేళ్లు చూశాక మనసు మారింది. ఐసు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, పెన్సిలు నిలవడం లేదు. చేతులు వాసన వస్తాయని వెనక బెంచీలో ఒక్కతే కూర్చునేది. హాజరు పట్టీలో మాత్రం ఆ పిల్లకు ఏ లోటూ లేదు. ఆ పట్టీ నింపింది నేనే! కోనసీమ పచ్చదనం చూసి ఇక్కడ ఇలాంటివి ఉండవనుకుంటారు చాలామంది. ఫౌండేషన్ శిబిరాల్లో చదివినవారు ఇప్పుడేం చేస్తున్నారో మరో వ్యాసంలో రాయండి.